ఎడమచేతి పొత్రం

పది గంటలకు టికెట్ల పోర్టల్ తెరుచుకుంటుంది. పదీ నాలుగుకి మూసుకుంటుంది. ఆ నాలుగు నిమిషాలూ శ్రీదుర్గ ఫోన్లో చిన్న చక్రం ఒకటి తిరుగుతూనే ఉంటుంది.

వెల్దుర్తిలో వాళ్ల డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి ఉందామె. ఇంట్లో సిగ్నల్ నిలకడగా దొరికేది అక్కడే. ఉద్యోగమూ అక్కడే, ట్యాంకు నీడ ఎటు జరిగితే ప్లాస్టిక్ కుర్చీ అటు జరుపుకుంటూ. బెంగళూరులో ఎవరో కట్టిన వెబ్‌సైట్లు తెరిచి, నొక్కకూడని చోటల్లా నొక్కి, ఎక్కడెక్కడ చెడిపోతున్నాయో రాసి పంపడం ఆమె పని. అలవాటుకొద్దీ ఈ టికెట్ల సైటులో కూడా మూడు రోజుల్లో పదకొండు తప్పులు పట్టింది. రేపు పుట్టబోతున్నానని తేదీ ఇచ్చినా తీసుకుంటోంది. టికెట్ మాత్రం ఇవ్వడం లేదు.

'అన్ని స్లాట్లూ నిండినవి. వచ్చే నెల ప్రయత్నించగలరు.'

"దొరికిందా?" కింద నుంచి నాగమ్మ కేక.

"లేదమ్మా."

"ఆదివారం లోపు ఏ పూటైనా పర్లేదని చెప్పే."

"ఎవరికి చెప్పను? ఫోనుకా?"

"కంప్యూటర్ చదివినదానివి గదా. మెల్లిగా చెప్పు, వింటది."

శ్రీదుర్గ మెట్లు దిగింది. నాగమ్మ వరండాలో కాళ్లు చాపుకుని, వాటి మీద మనవరాలిని పడుకోబెట్టి నీళ్లు పోస్తోంది. పద్దెనిమిది రోజుల పిల్ల. అందులో పన్నెండు రోజులు నరసరావుపేట ఆసుపత్రిలో, నీలం లైటు కింద, పెట్టెలో గడిపింది. నాగమ్మ అరచేతిలో ఆ తల పోను ఇంకా చోటు మిగిలింది. చెంబుతో పోస్తే ఎక్కడ ఉక్కిరిబిక్కిరవుతుందోనని దోసిట్లో పట్టి, వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తోంది. పిల్ల ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండునని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు, పైకి ఎవరూ అనడం లేదు.

"పొత్రం కోసం అంత పాట్లెందుకమ్మా?" లోపల మంచం మీద నుంచి అక్క శివజ్యోతి అంది. "పక్కింటి అబిదా పిన్ని కాడ ఉంది గదా. ఆదివారం బాలసారెకి అడిగి అదే ఏద్దాం ఉయ్యాల్లో."

నాగమ్మ పిల్లను తుండులో చుట్టి, సాంబ్రాణి పొగ మీదుగా రెండుసార్లు తిప్పింది.

"మీ ఇద్దరికీ అదే ఏశా," అంది చివరికి. "నాకూ మాయమ్మ అదే ఏసిందంట. ముందు రాయిని ఊపాల, ముందు దానికే పేరు చెప్పాల. బిడ్డకొచ్చేదంతా అది మోస్తది. ఆనకే బిడ్డ. అది పోయినాక..."

అక్కడితో ఆపేసింది. అది పోయినాక శివజ్యోతికి ఇద్దరు పుట్టారు. ఒకరికి ఉయ్యాల కట్టే పనే పడలేదు. రెండో బిడ్డకు కట్టిన ఉయ్యాల, ఐదో రోజు విప్పేశారు.

"డాక్టర్ బీపీ అని చెప్పింది గదమ్మా," అంది శ్రీదుర్గ.

"చెప్పింది. నేనేమన్నా కాదన్నానా?"

నిజానికి ఈ గొడవ మొదలుపెట్టింది శ్రీదుర్గే. పోయిన వారం ఆఫీసు గ్రూపులో ఎవరో పెంకులదిబ్బ రీలు పెడితే, మా ఊరి పక్కదేనని గొప్పగా తల్లికి చూపించింది. దిబ్బకు ఇప్పుడు 'ధమ్మవాటిక' అని బోర్డు పడింది, పచ్చగడ్డి పడింది, లైట్లు పడ్డాయి. వీడియోలో ఒక అమ్మాయి నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గాజుపెట్టెల మధ్య తిరుగుతోంది. "ఆపు," అంది నాగమ్మ. "ఎనక్కి తిప్పు. ఇంకొంచెం." తర్వాత గోరుతో స్క్రీన్ మీద ఒక మూల తాకింది. "మాయమ్మ పొత్రం."

దిబ్బ మీద కూలికి పోయినప్పుడు పచ్చడి నూరుకోవడానికి తీసుకెళితే, ఎవరో నెంబరేసి సర్కారు సొమ్ములో కలిపేసుకున్నారు. ఎనిమిదేళ్లుగా ఇంట్లో ఆ సంగతి ఇంతే. ఒక వాక్యం. శ్రీదుర్గకు ఆ వాక్యం విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ రాయి గాజుపెట్టెలో, కింద మెత్తటి గుడ్డ, పైన లైటు. చూడ్డానికి మాత్రం తల్లికి స్లాటు లేదు.

"పద," అంది నాగమ్మ చెంబు పక్కన పెడుతూ. "గేటు కాడికే పోయి అడుగుదాం."

*

హబీబుల్లా ఆటో వాళ్ల వీధిలోనే ఉంటుంది. మాచర్ల స్టేషన్లో దిగినవాళ్లను దిబ్బకు చేర్చడమే ఏడాదిగా ఆయన పని.

"టికెట్ తీశావా అమ్మాయ్?"

"లేదు మామా."

"ఇంకేంది మరి. హైదరాబాదోళ్లు అంతంత కార్లేసుకొచ్చి గేటుకి దండం పెట్టుకుని పోతన్నారు. నిన్నొకాయన గేటుతోనే ఫొటో దిగి, తెలిసినోళ్లందరికీ పంపిచ్చాడు."

"మేం పని చేసిన చోటు అన్నా," అంది నాగమ్మ.

"చేశావులేమ్మా. మిషనుకి తెలవాల గదా ఆ సంగతి."

మిషనుకు తెలియలేదు. గేటు దగ్గర కుర్రగార్డు ఒకడు దాన్ని తుపాకీలా పట్టుకుని నిలబడ్డాడు. మాటతీరు ఈ పక్కది కాదు.

"స్కాన్."

"అన్నా, టికెట్లు అయిపోయినై. మా అమ్మ ఇక్కడ మూడు సీజన్లు తవ్వకాల్లో పనిచేసింది. ఒక్క పదినిమిషాలు..."

"ఎంప్లాయీ ఐడీ ఉందా మేడం?"

"కూలీలకు ఐడీ ఏంటి? మస్టరులో వేలిముద్ర వేసింది."

"ఇది వేలిముద్ర తీసుకోదు మేడం. క్యూఆరే."

పన్నెండు గంటల స్లాటువాళ్లు వరసగా లోపలికి పోతున్నారు. ఒక విజయవాడ కుటుంబానికి ఆరు టికెట్లున్నాయి, మనుషులు నలుగురే వచ్చారు. అత్తగారికి కాళ్లు నొప్పులట, ఆడపడుచు ఆమెకు తోడట. శ్రీదుర్గ వెళ్లి అడిగింది. పాపం ఆ ఇల్లాలు వెంటనే ఫోన్ తీసింది. "ఇచ్చేస్తానమ్మా, దాందేముంది." గార్డు తల అడ్డంగా ఊపాడు. టికెట్ మీద పేరుకూ ఆధార్ మీద పేరుకూ కుదరాలి.

"ఖాళీగా పోయినా పర్లేదా?"

"ఖాళీగా పోతే ఎవరూ అడగరు మేడం. ఇంకొకరు పోతే నన్ను అడుగుతారు."

శ్రీదుర్గ లెక్కపెట్టింది. స్లాటుకు నలభై మంది. లోపలికి పోయింది ముప్ఫై ఐదు. ఐదు ఖాళీలు టికెట్లతో సహా దర్జాగా లోపలికి నడిచి పోయాయి. తర్వాత గేటు మూసుకుంది.

నాగమ్మకు ఇవేవీ పట్టలేదు. కమ్మీల మధ్యకు ముఖం పెట్టి చూస్తోంది. "అదిగో, ఆ వేపచెట్టు కింద జల్లెళ్లు కట్టేవాళ్లే. ఒకళ్లు పోస్తా ఉంటే ఇద్దరం ఊపేది. ఆ మూల నీళ్ల డ్రమ్ములు. తలా ఒక పళ్లు తోమే బ్రష్షిచ్చి పెంకులు తోమమనేవాళ్లు. మనింట్లో మనుషులకి లేదు అప్పటికి బ్రష్షు."

నవ్విందేమోనని శ్రీదుర్గ చూసింది. నవ్వలేదు.

పక్కనున్న చిన్నగేటు కిర్రుమంది. నీలం కోటు తొడుక్కున్న ఆడవాళ్లు చీపురుకట్టలు చంకన పెట్టుకుని వరసగా బయటికి వస్తున్నారు. ముందున్నామె ఆగిపోయింది.

"నాగమ్మక్కా! నువ్వేందే ఈడ, టూరిస్టు లెక్క?"

ఫిలోమినా. దిబ్బ మీద ఒకే జల్లెడకు అటూ ఇటూ నిలబడ్డవాళ్లు. ఇప్పుడు ఊడ్చే ఎనిమిది మందికి ఆమె మేస్త్రి. నాగమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మాటలు వెతుక్కుంటుంటే శ్రీదుర్గే మొత్తం చెప్పింది, పొత్రం నుంచి పోర్టల్ దాకా.

"టికెట్ల సంగతి నాకూ తెలవదు పిల్లా," అంది ఫిలోమినా. "మాకు టికెట్టు లేదు, చీపురే. ఆ పొత్రం రోజూ తుడుస్తా నేను. అది మీదంటావేందే! గాజు మీదే తుడుస్తాంలే, దాన్ని తాకనియ్యరు." నాగమ్మ ముఖం చూసి గొంతు తగ్గించింది. "లోపల ఎవరున్నారో తెల్సా అక్కా? మన ధనుంజయరావు సారు. అప్పుడు గుంటల మీద సూపర్‌వైజరు గదా, ఇప్పుడు హాలుకి కాపలా. అడుగు, ఆయన్నే అడుగు."

ఆ పేరు వినగానే నాగమ్మ చెయ్యి వదిలేసింది.

"పోదాం పా శ్రీదుర్గా. పిల్ల లేచుద్ది."

*

శుక్రవారం ట్యాంకు నీడలో కూర్చుని శ్రీదుర్గ దరఖాస్తు టైపు చేసింది. దరఖాస్తు రాయడం ఆమెకు రాదు, తప్పుల రిపోర్టు రాయడం వచ్చు. అందుకని అలాగే రాసింది. ఉండవలసిన తీరు: వస్తువు యజమాని ఇంట్లో ఉండాలి. ఉన్న తీరు: గాజుపెట్టెలో ఉంది. తీవ్రత: ఎక్కువ. రుజువు కింద ఒక ఫొటో జతచేసింది. తన ఉయ్యాల ఫంక్షన్ నాటిది. ఉయ్యాల్లో తను లేదు. పసుపు పూసి, బొట్టు పెట్టి, పొత్తిగుడ్డ చుట్టిన నల్లటి పొత్రం దర్జాగా పడుకుని ఉంది. ఒక పక్క వాలుగా అరిగిన సంగతి ఫొటోలో కూడా తెలుస్తోంది.

సెంటర్లో ప్రింటు తీయించి తెచ్చి తల్లికి చదివి వినిపించింది. నాగమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది.

"కాయితం ఎందుకే. చూసొస్తే చాలు."

"చూసొస్తే చాలా? నీ రాయి అది. దొంగతనం జరిగిందమ్మా. లోపల సారు నీకు తెలిసినాయనేగా. రేపో మాపో ఆయన్ని పట్టుకుని చేతిలో పెడతా."

"ఆయనకి ఇయ్యొద్దు."

"ఎందుకని?"

నాగమ్మ ఒక గింజను గోటితో గీకింది. అది రాయి కాదు, గింజే. అయినా పక్కన పెట్టింది. "మంచాయన," అంది.

తల్లికి ఆఫీసర్లంటే భయమని శ్రీదుర్గకు తెలుసు. మండలాఫీసులో ప్యూనును కూడా సారూ అంటుంది. భయపడేవాళ్ల తరఫున గట్టిగా మాట్లాడడానికేగా తను చదువుకుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఫోన్ కవరులో దోపుకుంది.

మధ్యాహ్నం ఏఎన్నెమ్ వచ్చి పిల్లను గుడ్డ ఊయలలో పెట్టి కాటాకు వేలాడదీసింది. కాటా ముల్లు కాసేపు ఊగి ఆగింది. సోమవారం ఎక్కడుందో దానికి రెండు గీతలు ఇవతలే ఆగింది.

"పాలు సరిగ్గా పడతన్నావా?"

"పడతన్నా సిస్టర్," అంది శివజ్యోతి. "రెండు గుక్కలు తాగి నిద్రపోద్ది."

"సోమారం మళ్లీ తూస్తా. తగ్గితే పేట ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే, మళ్లీ పెట్టెలో పెట్టాల్సిందే."

ఆమె వెళ్లిపోయింది. నాగమ్మ పిల్లను గుండెకు ఆనించుకుని వరండా చివరి దాకా నడిచింది, తిరిగి వచ్చింది, మళ్లీ నడిచింది. చూసి చూసి శ్రీదుర్గ డాబా ఎక్కి, మూసుకుని ఉంటుందని తెలిసీ పోర్టల్ తెరిచింది. ఎవరైనా రద్దు చేసుకుంటే ఒకటైనా దొరుకుతుందేమోనని అరగంట పాటు అదే బటన్ నొక్కింది. ఇంత ఓపికతో ఏ పరీక్షకూ చదవలేదు.

ఐదు గంటలకు ఫోన్ మోగింది. ఫిలోమినా.

"మావాళ్లిద్దరు మిరపకోతలకి పోతన్నారు పిల్లా, రేపు రారంట. రెండు కోట్లు ఖాళీ. పొద్దున్నే ఆరుకల్లా చిన్నగేటు కాడ ఉండండి. ఊడ్చాల మరి, ఊరికే కాదు."

*

నీలం కోటు శ్రీదుర్గకు మోకాళ్ల దాకా వచ్చింది. వీపు మీద 'పారిశుద్ధ్యం' అని రాసి ఉంది. గురువారం వాళ్లను తిప్పి పంపిన గార్డే చిన్నగేటు దగ్గర కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఎనిమిది కోట్లు లెక్కపెట్టాడు. ముఖాల జోలికి పోలేదు.

ఎనిమిది మందీ రాళ్లు పరిచిన బాట మీద వరసకట్టి ఊడ్చుకుంటూ పోయారు. వంద గజాలకే శ్రీదుర్గ నడుము పట్టేసింది.

"ఏమే, ఆ కాలేజీలో చీపురు పట్టుకోవడం చెప్పలా?" అంది ఫిలోమినా. "ఈ చివర కాదు పట్టుకునేది, మధ్యలో. చేత్తో ఊడవమాక, మోచేత్తో ఊడువు."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. నాగమ్మ నవ్వలేదు, ఆగలేదు. ఆమె చీపురు నేల మీద ఒకే చప్పుడు చేస్తూ పోతోంది. బాటకు అటూ ఇటూ ఇటుక గోడలు, మోకాలెత్తు, వరసగా గదులు. ఒకచోట వంగి, బాట అంచున చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపి చూసి వదిలేసింది. అలా ఎందుకు చేసిందో ఆమెకే తెలిసినట్టు లేదు.

ఎనిమిది గంటలు దాటాక ఫిలోమినా వాళ్లిద్దరికీ బకెట్, కర్రగుడ్డ, అద్దాలు తుడిచే బట్ట ఇచ్చింది. "హాలు మీది. నేను మెట్ల కాడ ఉంటా. తొమ్మిదికి మొదటి స్లాటు వచ్చుద్ది, ఆ లోపల కానియ్యండి."

హాల్లో చల్లగా ఉంది. తలుపు దగ్గర ధనుంజయరావు కుర్చీ వేసుకుని రిజిస్టరులో ఏదో రాస్తున్నాడు. గళ్ల చొక్కా టక్ చేసుకున్న సన్నటి మనిషి. కళ్లద్దాల మీదుగా చూసి, "గాజు మీద నీళ్లు చిమ్మొద్దు, బట్ట పిండి తుడవండి," అన్నాడు. రోజూ చెప్పే మాటలా ఉంది.

నాగమ్మ మిగతా పెట్టెల వైపు చూడలేదు. కుడిగోడ వెంట నడిచి, నాలుగో పెట్టె దగ్గర ఆగింది.

పొత్రం చిన్నగా అనిపించింది శ్రీదుర్గకు. ఇంట్లో మాటల్లో ఎప్పుడూ పెద్దగా ఉండేది. కింద పలక మీద తెలుగులోనే రాసి ఉంది. 'రాతి పొత్రం. క్రీ.శ. 3వ శతాబ్దం. విహారంలోని భిక్షువులు మూలికలు నూరడానికి వాడి ఉండవచ్చు. అరుగుదల ఒకే పక్కన ఉండటాన్ని బట్టి, దీర్ఘకాలం వాడిన వ్యక్తి ఎడమచేతివాటం అని భావిస్తున్నారు.'

"అమ్మమ్మ పుర్రచెయ్యేగా?" అంది శ్రీదుర్గ.

నాగమ్మ తల ఊపింది.

చాలు అనుకుంది శ్రీదుర్గ. ఇంతకన్నా రుజువేం కావాలి? కర్రగుడ్డ గోడకు ఆనించి, ఫోన్ కవరులోంచి కాగితం తీసి విప్పుకుంటూ తలుపు వైపు నడిచింది. వెనక నుంచి తల్లి "ఒద్దే" అన్నది వినిపించింది. ఆగలేదు.

"సార్, నేను మీ పాత కూలీ నాగమ్మ కూతుర్ని. ఆ నాలుగో పెట్టెలో ఉన్న పొత్రం మాది. ఫొటో ఉంది. ఎనిమిదేళ్ల కింద మీరు మా అమ్మ దగ్గర తీసేసుకుని..."

ధనుంజయరావు కాగితం అందుకోలేదు. కళ్లద్దాలు తీసి, నీలం కోట్లో ఉన్న నాగమ్మను పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. లేచి నిలబడ్డాడు.

"తీసేసుకున్నానని చెప్పావా నాగమ్మా?"

నాగమ్మ చేతిలోని తడిబట్టను పిండుతోంది. అందులో నీళ్లేం లేవు.

"అమ్మాయ్," అన్నాడాయన శ్రీదుర్గతో. గొంతులో కోపం లేదు. "అది నాలుగో గుంటలో మూడడుగుల లోతున దొరికింది. పచ్చడి నూరుకునే రాయి దానంతటది మూడడుగుల కిందికి పోద్దా?"

శ్రీదుర్గ తల్లి వైపు తిరిగింది.

"నేనే పెట్టా," అంది నాగమ్మ.

బయట మెట్ల మీద ఫిలోమినా చీపురు చప్పుడు వినిపిస్తోంది.

"ఆ వారమంతా ఏమీ దొరకలా. వట్టి మట్టి. ఇంక మూసేత్తన్నారు, సోమారం నుంచి రావద్దన్నారు. యాభై మందిమి. అప్పుడు ఊళ్లో పనుల్లేవు, చేలన్నీ ఎండి ఉన్నై. డేరాల కాడ ఎవురూ పొయ్యి ఎలిగించలా. నేను పొత్రం చేత్తో పట్టుకుని కూర్చున్నా, నూరడానికి ఏమీ లేదు. పొద్దు గూట్లో పడతన్నప్పుడు పోయి, గుంట గోడలో చెయ్యి దూరేంత బొక్క చేసి పెట్టా. మోచేతుల దాకా మట్టి. మర్నాడు ఫిలోమినాకే దొరికింది. గంతులేసింది. పాపం దానికి తెలవదు."

శ్రీదుర్గ చేతిలో కాగితం తెరిచే ఉంది. తీవ్రత: ఎక్కువ. ఎనిమిదేళ్ల కింద ఆ ఎండాకాలం తను నరసరావుపేట హాస్టల్లో ఉంది. ఊళ్లో సగంమంది పిల్లల్ని చదువు మాన్పించి తీసుకుపోతుంటే, తననెవరూ రమ్మనలేదు. ఎందుకు రమ్మనలేదో తనూ అడగలేదు.

"నాకు తెలుసు," అన్నాడు ధనుంజయరావు.

నాగమ్మ మొదటిసారి తలెత్తి ఆయన్ని చూసింది.

"డ్రమ్ములో కడుగుతుంటే వెల్లుల్లి వాసన వచ్చింది నాగమ్మా. మూడో శతాబ్దం వెల్లుల్లి." నవ్వబోయి మానుకున్నాడు. "మూసెయ్యమన్న కాయితం అప్పటికే నా జేబులో ఉంది. నాదీ కాంట్రాక్టే. ఎవరికీ వాసన చూపించకుండా మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, నల్లసిరాతో నెంబరేశా. ఇంకో రెండు వారాలు ఇచ్చారు. పదో రోజు విహారం నేల బయటపడింది. ఈ హాల్లో ఉన్నవన్నీ దాని తర్వాత దొరికినవే. నిజమైనవి. ఇదొక్కటే అబద్ధం."

"మరి ఆ ఎడమచేయి సంగతి?" అంది శ్రీదుర్గ. ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు.

"పెద్దాయన ఒకాయన భూతద్దం పెట్టి గంట సేపు చూసి చెప్పాడమ్మా. ఆయన చూసింది తప్పు కాదు. కాలమే తేడా." కాగితం వైపు చూశాడు. "అది పైకి పంపుతానంటే నేను ఆపను. నన్ను తీసేస్తారు, సరే. మీ అమ్మను కూడా పిలిచి అడుగుతారు. తాళం నా దగ్గర లేదు, పై ఆఫీసులో ఉంటది. రిజిస్టరులో ఎక్కిన వస్తువు మళ్లీ ఇంటికి రాదు."

"తీసుకుపోను రాలా సారూ," అంది నాగమ్మ. "అడగడానికొచ్చా. బిడ్డల గండం మోసే రాయిని కూలి కోసం మట్టిలో పూడ్చా. నా చేత్తో. ఆనక పుట్టినోళ్లిద్దర్నీ ఆ చేత్తోనే మట్టిలో పెట్టా. ఇప్పుడు మూడోది. రెండు గీతలు తగ్గింది నిన్న."

బీపీ గురించి, బరువు గురించి శ్రీదుర్గకు చాలా తెలుసు. చెప్పబోయింది. ఈ ఎనిమిదేళ్లూ తల్లి ఇంట్లో ఒక వాక్యం వెనక ఇదంతా పెట్టుకుని, వంట చేసి, బియ్యంలో రాళ్లేరి, కట్టిన ఉయ్యాల తాళ్లు విప్పింది. కాగితాన్ని మడిచి, మళ్లీ మడిచి, ఇంక మడత పడనంత చిన్నది చేసి కోటు జేబులో వేసింది.

"బాలసారె ఎప్పుడు?" అన్నాడు ధనుంజయరావు.

"రేపు."

ఆయన గోడ గడియారం చూశాడు. తొమ్మిదికి రెండు నిమిషాలు. బయట గడ్డి మీద అప్పుడే మాటలు, చెప్పుల చప్పుడు, ఎవరో పిల్లవాడు పరుగెత్తవద్దన్న వాళ్ల మీద కేకలేయడం.

"నేల తుడవలేదు ఇంకా," అని, ఆయన కుర్చీ తీసుకుని గుమ్మం బయటికి పోయాడు. వీపు లోపలికి పెట్టి నిలబడ్డాడు.

నాగమ్మ బొడ్లో దోపుకున్న చిన్న ఆకుముడి విప్పింది. ముద్ద పసుపు, చిటికెడు కుంకుమ. పసుపు బొటనవేలితో తీసి గాజు మీద, సరిగ్గా రాయి ముఖం ఉన్నచోట రాసింది. గాజు చల్లదనానికి వేలు ఒక్కక్షణం ఆగింది. దాని మధ్యలో కుంకుమ పెట్టింది. తర్వాత పెట్టెకు అటొక అరచెయ్యి, ఇటొక అరచెయ్యి ఆనించింది. ఇనుప కాళ్ల పెట్టె, నేలకు బిగించినది, కదలదు. అందుకని తనే కదిలింది. ముందుకూ వెనక్కూ, మెల్లగా, ఉయ్యాల పట్టుకున్నట్టు ఊగుతూ నోట్లో ఏదో గొణుక్కుంటోంది. ఊగడం ఆపి, రెండు గాజుపలకలు కలిసే సందు దగ్గర పెదవులు పెట్టింది.

పేరు చెబుతోందని శ్రీదుర్గకు అర్థమైంది. ఆ పేరు శివజ్యోతికీ తల్లికీ తప్ప ఎవరికీ తెలియదు. ముందు రాయి వినాలి, తర్వాత బిడ్డ, ఆ తర్వాతే మిగతావాళ్లు. మూడుసార్లు చెప్పాలి. శ్రీదుర్గ గబగబా తలుపు వైపు నడిచింది, చెవిన పడకుండా.

"మాది తొమ్మిది గంటల స్లాటండీ," బయట ఎవరో ఫోన్ చూపిస్తున్నారు. "టైము దాటిపోతోంది. పదిహేను రోజుల ముందు బుక్ చేసుకున్నాం."

"తడిగా ఉందండీ లోపల," ధనుంజయరావు కదలలేదు. "జారిపడతారు. ఆరనీయండి."

"ఎంతసేపు?"

"ఆరేదాకా."

వెనకనున్నవాళ్లు మెట్ల మీదికి ఎక్కి ఆయన భుజాల మీదుగా లోపలికి తొంగిచూస్తున్నారు. కుర్రగార్డు కూడా మిషన్ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. నలభై మంది, చేతిలో టికెట్లతో. నేల పొడిగా, పాలిషు మెరుపుతో వాళ్లందరికీ కనబడుతూనే ఉంది.

లోపల తల్లి గొంతు ఇంకా ఆగలేదు.

శ్రీదుర్గ బకెట్ ఎత్తి, గుమ్మం నిండా నీళ్లు కుమ్మరించింది. కర్రగుడ్డ అందుకుని, మోచేత్తో, ఆ చివర నుంచి ఈ చివరకు తుడవడం మొదలుపెట్టింది.